మాట వెనక మాట: ఉత్సాహానికి సంతోషం చుట్టం కాదు

ప్రశ్న: మా ఆఫీసు కరపత్రంలో 'మా రెండో శాఖను ప్రకటించడానికి ఎంతో ఉత్సాహంగా ఉన్నాం' అని వేశారు. తప్పేమీ కనబడదు గానీ చెవికి ఎక్కడం లేదు. ఎందుకని? - కొత్తపేట

జవాబు: వ్యాకరణం సరిగానే ఉంది, మాటే తన చోటు తప్పింది. ఉత్సాహంలో 'ఉత్' ఉపసర్గ, 'సహ' ధాతువు. సహ అంటే ఓర్చుకోవడం, తట్టుకుని నిలవడం. సహనం, దుస్సహం, అసహ్యం పుట్టిందీ అక్కణ్ణుంచే. అంటే ఉత్సాహం నవ్వు ముఖం కాదు, బరువెత్తడానికి లోపల్నుంచి లేచే బలం. భరతుడి నాట్యశాస్త్రంలో ఇది వీరరసానికి స్థాయిభావం, అంటే ఆ రసానికి మూలమైన భావం, హాస్యానికి కాదు. కౌటిల్యుడు రాజుకు మూడు శక్తులు చెప్పాడు: మంత్రశక్తి, ప్రభుశక్తి, ఉత్సాహశక్తి. మూడోది పరాక్రమ బలం.

అందుకే తెలుగులో ఈ మాట పక్కన ఏదో ఒక పని ఉండాలి. 'నాట్లకు ఉత్సాహంగా దిగారు' అంటాం. 'పిల్లాడు చదువులో ఉత్సాహం చూపడం లేదు' అంటాం. ప్రకటించడం క్షణం పని, దానికి ఉత్సాహం దేనికి? 'మా రెండో శాఖ తెరుస్తున్నాం, తప్పక రండి' అంటే చాలు. మర్యాద కావాలంటే 'సంతోషంతో తెలియజేస్తున్నాం' అనండి. ఇంగ్లీషు ప్రకటనను మాటకు మాట దించితే వచ్చే తంటా ఇది.

ఇంతకంటే ఘోరం 'నేను ఉత్సాహకరంగా ఉన్నాను'. చివర 'కరం' ఉంటే కలిగించేది అని. ఆట ఉత్సాహకరంగా ఉంటుంది, ఆడేవాడు ఉత్సాహంగా ఉంటాడు. ఎదురుచూపుకైతే ఆత్రం, తహతహ ఉన్నాయి. ఆగలేనితనానికి ఉబలాటం, కాకపోతే అందులో రవ్వంత ఎగతాళి వినిపిస్తుంది. కోరిక కలిస్తే ఉవ్విళ్లూరడం. ఇక అత్యుత్సాహం పత్రికల్లో పూర్తిగా నిందే అయిపోయింది, మెచ్చుకోలుకు వాడితే అపార్థం ఖాయం.

ప్రశ్న: మాది తెనాలి. ఇక్కడ పక్కింటామె 'మీ పాప మస్తు హుషారున్నది' అన్నారు. అల్లరిదనా, చలాకీ అనా? - బోడుప్పల్

జవాబు: తెలివిగలదని. పార్సీలో 'హోష్' అంటే స్పృహ, తెలివి. ఉర్దూ హోషియార్ అంటే మెలకువ గలవాడు, తెలివైనవాడు. హైదరాబాద్ మాటలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది: 'లెక్కలల్ల మస్తు హుషారు'. మీవైపు అది చలాకీతనం దిక్కుకు జరిగింది: 'జ్వరం తగ్గింది, హుషారుగా తిరుగుతోంది'. ఒకే మాట రెండు ఊళ్లలో చెరో దారి పట్టింది, మీరు తడబడింది అందుకే.

దీని పక్కనే జోష్. పార్సీలో మరగడం, పొంగడం. యునానీ మందుల దుకాణాల్లో జలుబుకు ఇచ్చే జోషాందా ఆ ఇంటిదే: మూలికల్ని నీళ్లలో మరిగించి, వడగట్టి, వేడివేడిగా తాగే కషాయం. కనుక జోష్ అనేది పొంగు. మ్యాచ్‌కు, ఊరేగింపుకు నప్పుతుంది. పదేళ్లు ఓపిగ్గా చేసే పనికి మాత్రం ఉత్సాహమే తగిన మాట.

ప్రశ్న: ఇంగ్లీషు 'ఎంథూజియాజం'కు అసలర్థం దేవుడు పూనడమేనా? - మలక్‌పేట

జవాబు: నిజమే. గ్రీకులో 'ఎన్' అంటే లోపల, 'థెయోస్' అంటే దేవుడు. 17, 18 శతాబ్దాల ఇంగ్లండులో ఇది దాదాపు తిట్టు. 1755లో వచ్చిన శామ్యూల్ జాన్సన్ నిఘంటువు కూడా, దేవుడు తనకే ప్రత్యేకంగా చెప్పాడనుకునే వట్టి నమ్మకం అన్న అర్థాన్నే మొదట ఇచ్చింది. మెచ్చుకోలుగా మారింది తర్వాతే.

ఆ తొలి అర్థానికి మనకు ఉత్సాహం పనికిరాదు. పూనకం, శివమెత్తడం, శిగమూగడం ఉన్నాయి. లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. పచ్చి కుండ మీద నిలబడి జోగిని భవిష్యవాణి చెబుతుంది. పాత గ్రీకువాడు చూస్తే 'ఎంథూజియాజం' అనే అనేవాడు. థియేటర్లో 'పూనకాలొచ్చాయి' అనే కుర్రాళ్లు, తెలియకుండానే, మన నిఘంటువుల కంటే మూలానికి దగ్గరగా ఉన్నారు!

ప్రశ్న: మొదట్లో ఉండి తర్వాత చల్లారిపోయే ఉత్సాహానికి ఒక్క మాట? - ఉప్పల్

జవాబు: ఆరంభశూరత్వం. నాటుగా కావాలంటే 'కొత్త బిచ్చగాడు పొద్దెరగడు'.

ప్రశ్న: ఉత్సాహం పేరుతో పద్యం ఉందట. రాయడమెలా? - చిక్కడపల్లి

జవాబు: ఉంది, జాతి పద్యం. పాదానికి ఏడు సూర్యగణాలు, చివర ఒక గురువు. సూర్యగణాలు రెండే: హగణం (గురువు, లఘువు), నగణం (మూడు లఘువులు). అయిదో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో అది కలవాలి. నాలుగు పాదాలకూ ప్రాస ఉండాలి. ఒక పాదం చూడండి:

వాన వచ్చె మడులు నిండె వనములన్ని నవ్వెగా

విడదీస్తే: వాన, వచ్చె, మడులు, నిండె, వనము, లన్ని, నవ్వె, గా. 'మడులు', 'వనము' నగణాలు, మిగతా అయిదూ హగణాలు. 'వా'కు 'వ' యతి. ప్రతి గణానికీ మూడే మాత్రలు కాబట్టి నడక దరువులా సాగుతుంది. కొత్తవాళ్లు మధ్యలో నాలుగైదు మాత్రల ఇంద్రగణం దూర్చి ఆ దరువును పాడుచేస్తారు. లేదా 'నవ్వెను' అని ముగించి చివరి గురువును పోగొట్టుకుంటారు.