జీతం చాలక, మేనేజర్ తిట్లు పడలేక మైక్రోఫైనాన్స్ ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: ఒడిశాలో రాయగడ దగ్గర ఒక మైక్రోఫైనాన్స్ కంపెనీలో 14 నెలలుగా ఫీల్డ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఆఫర్ లెటర్లో నెలకి 18,550 అన్నారు. చేతికి 15,300 వస్తోంది. అందులో సగం పెట్రోలుకీ, కట్టనివాళ్ల తరఫున కట్టడానికీ పోతోంది. రోజూ వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ మేనేజర్ తిట్లు. ఓర్చుకోవాలా, మానేయాలా?

జవాబు:

తమ్ముడూ, నేను గుణుపురం బ్రాంచిలో 2015 జూన్‌లో చేరి 2021 ఫిబ్రవరిలో బయటికి వచ్చాను. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా నీకు ఒరిగేదేం లేదు. ఇప్పుడు పర్లాకిమిడిలో ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాస్తున్నాను. జీతం అప్పటికంటే మరీ ఎక్కువేం కాదు. కాకపోతే రాత్రి ఎనిమిదింటికి ఇంట్లో అన్నం తింటున్నాను. అప్పట్లో ఆ వేళకి ఇంకా క్యాష్ టాలీ అవక బ్రాంచిలోనే నోట్లు లెక్కపెడుతూ ఉండేవాణ్ని.

మానేయాలా వద్దా అన్నది తర్వాత. నీ జీతం నిజంగా ఎంతో ముందు అది తేల్చుకో.

ఆ 18,550 సంగతి చూద్దాం. నీ బేసిక్ 9,000 దగ్గర ఉంటుందని నా అంచనా. పీఎఫ్‌లో నీ వాటా 12 శాతం, అంటే 1,080. కంపెనీ కట్టే ఇంకో 1,080 కూడా ఆ 18,550లో కలిపే చూపిస్తారు. ఈఎస్‌ఐ నీది 0.75 శాతం, కంపెనీది 3.25 శాతం. ఆ రెండూ అందులోనే. గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు, దాని పేరుతో బేసిక్ మీద 4.81 శాతం, 430 చిల్లర, అదీ ఇస్తున్నట్టే రాస్తారు. ఐదేళ్లు నిండకుండా మానేస్తే ఆ డబ్బు నీ మొహం చూడదు. ఇవన్నీ తీసేస్తే 15,300 దగ్గరికే వస్తుంది. కాబట్టి ఈ లెక్కలో నిన్ను మోసం చేశారని నేను అనలేను. చేరేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పరు, మనమూ అడగం. నాకు మొదటి జీతం పడిన రోజు మా నాన్న ఫోన్‌లో మెసేజ్ చూసి, "ఏట్రా, మూడు వేలు ఎవడు తినేసేడు?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు.

అసలు కోత పెట్రోలు దగ్గర మొదలవుతుంది. నా సెంటర్లు, అంటే అప్పు తీసుకున్న ఆడవాళ్లు కిస్తీ కట్టడానికి కూడే చోట్లు, పద్మపూర్, గుడారి వైపు ఉండేవి. రోజుకి 65 కిలోమీటర్లు, నెలకి 24 రోజులు వేసుకుంటే 1,560. కొండదారుల్లో పాత బండి లీటరుకి 45 ఇస్తే గొప్ప. అంటే 35 లీటర్లు. లీటరు నూరు పైమాటే కాబట్టి ఇప్పటి ధరకి 3,500 దాటుతుంది. టైర్లు, చైను, ఇంజనాయిలు వేరే. మా కంపెనీ వాళ్లు మ్యాపులో బ్రాంచి నుంచి సెంటరుకి దూరం చూసి డబ్బులిచ్చేవారు. మధ్యాహ్నం లోన్ వెరిఫికేషన్‌కి మళ్లీ అదే ఊరు వెళ్లడం, రానివాళ్ల కోసం సాయంత్రం తిరగడం వాళ్ల మ్యాపులో ఉండవు. ఒక నెల పట్టుబట్టి పొద్దున్నా సాయంత్రం మీటర్ రీడింగ్ డైరీలో రాశాను. నెలాఖరుకి నా జేబులోంచి పోయింది 1,400 తేలింది. ఆ డైరీ చూపిస్తే బీఎం (బ్రాంచి మేనేజర్) నవ్వి, "నీకు సెంటర్లు దగ్గరగా వేయమంటావా?" అన్నాడు. వేయలేదనుకో.

పెట్రోలైనా కళ్లకి కనపడుతుంది. రెండోది కనపడదు, అదే మనిషిని ముంచేది.

మా మేనత్త కొడుకు పాలకొండలో ఇదే ఉద్యోగం చేసేవాడు. 2010 అక్టోబరులో ఆంధ్రాలో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు వచ్చాక అక్కడ వసూళ్లు కుప్పకూలిపోయాయి, వాడి ఉద్యోగమూ పోయింది. నేను చేరుతున్నానని తెలిసి వాడు ఒకటే మాట చెప్పాడు, "జేబులోంచి మాత్రం కట్టకు." నేను విన్లేదు.

ఎలా మొదలైందో చెప్తాను, నీకూ ఇలాగే అయ్యుంటుంది. సెంటర్ మీటింగ్‌కి పదిమంది రావాలి, తొమ్మిదిమంది వచ్చారు. పదో ఆమె ఇంటికెళ్తే, "సార్, ఆజి టంకా నాహిఁ" అంది, ఇవాళ డబ్బుల్లేవని. కిస్తీ 575. బీఎం ఫోన్ చేసి, "ఇవాళ ఓడీ జీరో చూపించు, రేపు ఆమె దగ్గర వసూలు చేసుకో" అన్నాడు. ఓడీ అంటే ఓవర్‌డ్యూ, గడువు దాటిన బాకీ. 575 రూపాయలకి గ్రూపులో పేరు ఎర్రరంగులో ఎందుకు పడాలి అని నేను కట్టేశాను. వారం తర్వాత ఇంకో ఊళ్లో ఇంకొకామె. 2019 వేసవి నాటికి నేను జనానికి కట్టిపెట్టింది 23,000. వెనక్కి వచ్చింది తొమ్మిది వేలకి అటూ ఇటూ. మిగతాది అడగడానికి నాకేం హక్కుంది? కాగితం మీద వాళ్లు కంపెనీకి కట్టేసినట్టే కదా. పైగా ఆడిట్ వచ్చి, స్టాఫ్ సొంత డబ్బు కట్టడం రూల్సుకి విరుద్ధం అని నాకే వార్నింగ్ లెటర్ ఇచ్చారు. కట్టమన్నది ఫోన్‌లో కాబట్టి బీఎం మీద ఒక్క అక్షరం లేదు.

నువ్వు ఎంత కట్టావో రాయలేదు. ఇవాళే కూర్చుని పేరు పేరునా రాసుకో. ఇకపైన ఒక్క రూపాయి కూడా కట్టకు. ఓడీ పడితే పడనీ, గ్రూపులో తిడితే తిట్టనీ. తిట్లకి ఖర్చు లేదు.

తిట్ల గురించి కూడా కొంచెం చెప్పాలి. మా బీఎం బాలేశ్వర్ వైపు మనిషి, చెడ్డవాడని అనలేను. ఏరియా మేనేజర్ కాన్ఫరెన్స్ కాల్‌లో ఆయన్ని తిట్టే తిట్లు స్పీకర్‌లో మా అందరికీ వినపడేవి. పెళ్లాం ముందు తిట్టినా అంత సిగ్గుపడేవాడు కాదేమో పాపం. ఫోన్ పెట్టేసి మా వైపు తిరిగి అవే మాటలు మాకు వడ్డించేవాడు. మేం సెంటరుకెళ్లి చాప మీద కూర్చున్న సవర ఆడవాళ్ల మీద గొంతు పెంచేవాళ్లం. నేనూ పెంచాను, కాదనను. పైనుంచి ఒత్తిడి ఉన్నంత మాత్రాన బీఎం చేసింది ఒప్పయిపోదు, నేను చేసిందీ అంతే. ఇంకో సంగతి, మనం ఇంట్లో తెలుగు మాట్లాడి, సెంటర్లో దేశియా ఒడియా మాట్లాడి, హెచ్‌ఆర్‌కి ఫోన్ చేస్తే హిందీలో గోడు చెప్పుకోవాలి. మూడో భాషలోకి వచ్చేసరికి మన బాధ సగం కారిపోతుంది. అందుకే హెచ్‌ఆర్‌తో ఏదైనా మెయిల్‌లో రాయి. తప్పుల ఇంగ్లీషైనా పర్వాలేదు.

తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. గజపతి జిల్లా ఎలా నాశనమైందో నీకు నేను చెప్పక్కర్లేదు. వంశధార పొంగి తగ్గిన ఐదారు రోజులకే పైనుంచి మెసేజ్, "ఫీల్డ్‌కి వెళ్లండి, కలెక్షన్ ఎంత వస్తే అంత." కాశీనగర్ వైపు ఒక సెంటరుకి బండి కొంత దూరం నెట్టుకుంటూ, కొంత నడిచి వెళ్లాను. సెంటర్ లీడర్ ఇంటికి కప్పు లేదు. నన్ను చూడగానే ఆమె లోపలికి వెళ్లి లోన్ కార్డు తెచ్చింది. బియ్యం తడిశాయి, బట్టలు తడిశాయి, లోన్ కార్డు మాత్రం ప్లాస్టిక్ కవర్లో పొడిగా ఉంది. డబ్బు అడగలేకపోయాను. మంచినీళ్లు తాగి వచ్చేశాను. ఆ మూడు నెలల ఇన్సెంటివ్ 2,200 పోయింది. ఆ డబ్బు పోయినందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అంతకుముందు వారం వారం ఇన్సెంటివ్ కోసం అరిచిన అరుపులే గుర్తొస్తుంటాయి.

ఇప్పుడు చేస్తున్న కుర్రాళ్లు చెప్పేదాన్ని బట్టి, ఒడిశా ప్రభుత్వం ఇచ్చే సుభద్ర పథకం ఐదు వేలు ఆడవాళ్ల ఖాతాలో పడిన వారం టార్గెట్ పెరుగుతోందట, రాత్రుళ్లు కూడా ఇళ్లకి వెళ్లమంటున్నారట. ఇక్కడ జాగ్రత్త. 2022 నుంచి ఉన్న ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ నియమాల ప్రకారం పొద్దున్న 9 కంటే ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం ఖాతాదారుల్ని కదపకూడదు. వసూలు కూడా ముందు అనుకున్న చోటే జరగాలి. వరసగా రెండుసార్లు ఆమె అక్కడికి రాకపోతేనే ఇంటికో పనిచేసే చోటికో వెళ్లొచ్చు. రాత్రి ఎనిమిదికి ఒకరి గుమ్మంలో నిలబడి ఏదైనా గొడవైతే, ఊరివాళ్లు పట్టుకునేది నిన్ను, స్టేషన్‌లో కూర్చునేది నువ్వు. పంపినవాడు ఫోన్ ఎత్తడు. బీఎం అలా వెళ్లమని ఫోన్‌లో చెప్తే, పెట్టేసిన వెంటనే మర్యాదగా ఒక మెసేజ్ పెట్టు: "సార్, 6 దాటింది కాబట్టి మీరు చెప్పిన ఇంటికి రేపు 9 తర్వాత వెళ్తాను." దానికి "లేదు, ఇప్పుడే వెళ్లు" అని రాతలో జవాబిచ్చే మేనేజర్‌ని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక నీ అసలు ప్రశ్న. నేనైతే మానేయమనే చెప్తాను, కానీ ఈ నెలలో కాదు. 14 నెలలకి గ్రాట్యుటీ ఆశ ఎలాగూ లేదు, ఇంకా దాదాపు నాలుగేళ్లు దానికోసం ఉండమని శత్రువుక్కూడా చెప్పను. వేరే పని చేతిలో పెట్టుకో. ఈలోగా పీఎఫ్ పాస్‌బుక్ తీసి నెల నెలా పడుతోందో లేదో చూడు. నాకు 2020లో నాలుగు నెలలు జీతంలో కోశారు కానీ ఖాతాలో వేయలేదు. ఈపీఎఫ్‌ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో పెట్టాక బేగి కదిలింది.

రాజీనామా వాట్సాప్‌లో కాదు, మెయిల్‌లో పంపు. సెంటర్లు అప్పగించేటప్పుడు ఒక్కో సెంటర్లో ఎవరి బాకీ ఎంతో జాబితా రాసి, దాని మీద బీఎం సంతకం, తేదీ తీసుకో. ఈ ఒక్క కాగితం లేకే నా ఫైనల్ సెటిల్‌మెంట్ ఏడు నెలలు ఆగింది. నేను వచ్చేసిన తర్వాత రెండు లోన్ కార్డుల్లో తేడా ఉందన్నారు, నేను లేనప్పుడు ఎవరు ఏం రాశారో నాకెలా తెలుస్తుంది? చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లో, ఖాళీ చెక్కో తీసుకుని ఉంటే రాజీనామా మెయిల్‌లోనే వాటిని తిరిగి ఇమ్మని రాయి. ఇప్పుడు వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది, 2025 నవంబరు 21 నుంచి. దాని ప్రకారం మానేసినవాడికి రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. రెండు రోజుల్లో ఇస్తారని నేను నమ్మను, కానీ ఆ మాట మెయిల్‌లో రాస్తే ఏడు నెలలు మాత్రం లాగరు. గడిచిన ఏడాది బోనస్ కూడా అడుగు. జీతం 21,000 లోపు ఉండి, ఆ ఏడాదిలో 30 రోజులు పనిచేస్తే చాలు, మానేసినా అది నీదే.

ఇవ్వకపోతే జిల్లా లేబర్ ఆఫీసుకి వెళ్లాలి. చాలామంది ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి రాస్తారు, నేనూ రాశాను. అది ఖాతాదారుల కోసం, స్టాఫ్ జీతాల గొడవ వాళ్లు తీసుకోరు. నెల రోజులు అనవసరంగా ఎదురుచూశాను.

ఐదేళ్లు దాటిన అన్నలెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. నాకు ఐదేళ్ల ఎనిమిది నెలలు సర్వీసు, ఆఖరి బేసిక్ 9,400. కంపెనీ ఐదేళ్లకే లెక్కగట్టి 27,115 ఇస్తానంది. ఆరు నెలలు మించితే దాన్ని పూర్తి ఏడాదిగానే లెక్కవేయాలి. బేసిక్‌ని 15తో గుణించి, 26తో భాగించి, 6తో గుణిస్తే 32,538. ఆ 5,423 కోసం నాలుగు మెయిళ్లు రాశాను. వచ్చింది.

తమ్ముడూ, నీ ఆఫర్ లెటర్లో నోటీసు పీరియడ్ నెల రోజులా, రెండు నెలలా అన్నది రాయలేదు. మధ్యలో వెళ్తే కట్టాల్సింది గ్రాస్ మీదా, బేసిక్ మీదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. చూసి ఇక్కడే రాయి, ఎప్పుడు మెయిల్ పెడితే తక్కువ నష్టమో లెక్కేసి చెప్తాను.