మా నల్ల ఇసుక, కొవ్వాడ కరెంటు

శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం కడతామంటున్నారు కదా, అది నిజంగా క్లీన్ కరెంటేనా, రేడియేషన్‌తో ప్రమాదం లేదా అని అడిగారు.

క్లీన్ కరెంటే. నాకు అందులో అనుమానం లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాను, అంతకన్నా ముందు రేడియేషన్ ఉన్న ఇసుకలో ఆడుకుని పెరిగాను.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, ఛత్రపురం దగ్గర సముద్రపు ఒడ్డు. ఊరంతా వేటకెళ్లే తెలుగువాళ్లమే. అల వెనక్కి పోయాక ఒడ్డున నల్లటి చారలు మిగులుతాయి. ఆ నల్ల ఇసుకలో ఇల్మనైట్, జిర్కాన్, గార్నెట్ అనే ఖనిజాలతో పాటు మోనజైట్ ఉంటుంది. మోనజైట్‌లో థోరియం అనే రేడియేషన్ వెదజల్లే లోహం ఉంటుంది. వీటిని వేరు చేసే కేంద్ర ప్రభుత్వ కర్మాగారం ఛత్రపురంలోనే ఉంది.

ఎమ్మెస్సీ రెండో ఏడు ప్రాజెక్టు కోసం మా సార్ రేడియేషన్ మీటరు చేతికిచ్చి మా ఊరికే పంపారు. ఇంటి గుమ్మంలో అది నెమ్మదిగా టిక్కు టిక్కుమంది. ఒడ్డుకెళ్లి నల్ల చార మీదికి వంచేసరికి రేకుల మీద వాన పడ్డట్టు టకటకా మొదలెట్టింది. పక్కనే కూర్చుని వల బాగుచేస్తున్న నాన్నమ్మ చెయ్యి ఆపింది.

"ఏట్రా అది, అలాగ గోల పెడతంది?"

ఇసుకలోంచి కంటికి కనపడని కిరణాలు వస్తున్నాయని చెప్పాను.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టక ముందు నుంచే."

"అయితే మరేటి?" అని మళ్లీ వల అందుకుంది. ఎనభై నాలుగేళ్లు బతికింది. ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ ఇసుక మీదే చేపలు ఎండబెట్టింది.

ఒక్క ముసలమ్మతో లెక్క తేలదంటారా, కేరళలో కరునాగపల్లి ఒడ్డున కూడా ఇదే మోనజైట్. అక్కడి జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఇసుక రేడియేషన్ వల్ల కేన్సర్ పెరిగినట్టు కనపడలేదు.

ఆ రోజు మీటరు చప్పుడు విని రెండడుగులు వెనక్కి వేసినవాడు మా బావ. ఒక బొగ్గు ప్లాంటులో బూడిద ఎత్తే కాంట్రాక్టు పని ఆయనది. సెలవుకి ఇంటికొచ్చి మూడు రోజులైనా తువ్వాలుతో చెవి తుడుచుకుంటే బూడిద మరక అంటేది. రాత్రుళ్లు దగ్గు. మన బొగ్గు కాలిస్తే దాదాపు మూడో వంతు బూడిదే మిగులుతుంది, అందులోనూ యురేనియం, థోరియం జాడలుంటాయి. ఆ సంగతి మా బావకి అక్కడ ఒక్కరూ చెప్పలేదు. నాకు కోపమొచ్చేది ఇక్కడే. టీవీలో 'అణు' అనగానే బాంబు మేఘం చూపిస్తారు, బొగ్గు బూడిద మాత్రం ఎవరికీ వార్త కాదు. మా పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగులో ఒక సైన్సు పుస్తకం కావాలంటే ఇచ్ఛాపురం దాటి వెళ్లాలి. ఇక వాళ్లకి ఇవన్నీ చెప్పేదెవరు?

వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి వేసిన శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక ప్రకారం గని తవ్వకం మొదలుకుని అన్నీ కలిపితే యూనిట్ కరెంటుకి బొగ్గు నుంచి 820 గ్రాముల కార్బన్ ఉద్గారాలు, పెద్ద సోలార్ ప్లాంట్ల నుంచి 48, అణు విద్యుత్తు నుంచి 12. సోలార్ వద్దని అనను. కానీ మా ఐసు ఫ్యాక్టరీ రాత్రంతా నడవాలి, లేకపోతే తెల్లారేసరికి చేప పాడవుతుంది. కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో ఒక రియాక్టరు 962 రోజులు ఆగకుండా నడిచి 2018లో ప్రపంచ రికార్డు కొట్టింది. చెర్నోబిల్, ఫుకుషిమా అణు ప్రమాదాలు జరిగాయి, నిజమే. వాడేసిన ఇంధనాన్ని తరతరాలు కాపలా కాయాలి, అదీ నిజమే. అయినా అది ఎక్కడుందో లెక్క ఉంటుంది. బావ ఊపిరితిత్తుల్లో చేరిన బూడిదకి లెక్క లేదు.

నా అసలు ఆశ థోరియం మీద. అది నేరుగా ఇంధనంగా పనికిరాదు, న్యూట్రాన్‌ని పట్టుకుని చివరికి ఇంధనంగా పనికొచ్చే యురేనియం-233గా మారాలి. మన అణు కార్యక్రమానికి పునాది వేసిన శాస్త్రవేత్త హోమీ భాభా వేసిన మూడు దశల ప్రణాళికలో ఆఖరి మెట్టు అదే. తమిళనాడులోని కల్పాక్కంలో కామిని అనే రియాక్టరు 1996 నుంచి యురేనియం-233తోనే నడుస్తోంది, కాకపోతే దాని సామర్థ్యం 30 కిలోవాట్లే. మా ఒడ్డు ఇసుకతో మా ఊళ్లో దీపం వెలగాలని నాకు చాలా ఉంది.

కొవ్వాడకి అనుకుంటున్నవి వేరే రకం, ఒక్కొక్కటి 1208 మెగావాట్లవి ఆరు, యురేనియంతో నడిచేవి. అక్కడ మా చిన్నత్త వాళ్లున్నారు. ఫోన్ చేసి ఏం చెయ్యమంటావురా అని అడిగారు. రియాక్టరుకి భయపడొద్దన్నాను. ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేయిస్తే ఇచ్చే కొత్త ఇళ్లు ఒడ్డుకి ఎంత దూరంలో ఉంటాయో, పడవ దించుకునే రేవు ఎక్కడో ముందు కాగితం మీద రాయించుకోమన్నాను. రోజూ వలలు మోసుకుని పది కిలోమీటర్లు నడవలేరు కదా.