ఎర్ర బట్ట పుస్తకం కూడా రాయాలి, అమ్మలూ

కంచరపాలెం, విశాఖపట్నం

అమ్మలూ,

నువ్వు పంపిన వ్యాసం అందింది. ఒకసారి నాకు నేనే చదువుకున్నాను. రెండోసారి మీ నాన్నమ్మకి తెలుగు చేసి వినిపించాను. ఓడ ఎక్కే చోట వదిన కళ్ళు ఒత్తుకుంది. ఇంగ్లీషు చక్కగా రాస్తున్నావు. ఆ మాట ముందే అనేస్తే తర్వాత తిట్టడానికి నాకు వీలుగా ఉంటుంది.

మీ కుటుంబంలో వలస ఎలా మొదలైందో రాయమని మీ మాస్టారు అడిగితే, మీ నాన్న 1999లో రెండు సూట్‌కేసులతో విమానం ఎక్కిన దగ్గర మొదలెట్టి, మధ్యలో బర్మాకి ఒక పేజీ ఇచ్చావు. ఆ పేజీలో ఉన్నవి మూడు సంగతులు. పేదవాళ్ళు పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటారు, ఒళ్ళు హూనం చేసుకున్నారు, చివరికి ఉన్నదంతా లాక్కుని వెళ్ళగొట్టారు. ఒక్కటీ అబద్ధం కాదు. అయితే ఊరి పేర్లు మార్చి అదే పేజీ ఫిజీ వాళ్ళకిచ్చినా సరిపోతుంది, మారిషస్ వాళ్ళకిచ్చినా సరిపోతుంది. మన ఇల్లు అందులో కనపడలేదు. బర్మా నించి తిరిగొచ్చినవాళ్ళుండే ఈ బర్మా క్యాంపులో పాతికమంది ముసలాళ్ళ దగ్గర కూచుని, చెప్పించుకుని, రాసుకున్నవాణ్ణి. ఆ చనువుతో చెబుతున్నాను.

ముందుగా, అంతటా మయన్మార్ అని రాశావు, తీసెయ్. ఆ పేరు పెట్టింది 1989లో. మన వాళ్ళు వెళ్ళింది బర్మాకి. మా తాతలైతే బర్మా అని కూడా అనేవారు కాదు, 'రంగం' అనేవారు. రంగూన్ అన్నా, ఆ దేశం మొత్తం అన్నా రంగమే. శ్రీకాకుళం వైపు ముసలాళ్ళు 'మా అయ్య రంగం వెళ్ళిపోనాడు' అంటే ఎక్కడికని ఎవరూ అడగరు. బర్మా వాళ్ళు మనల్ని పిలిచిన పేరు కూడా రాసుకో: కోరంగీలు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది చూడు, తొలి ఓడలు అక్కడి నించి వెళ్ళాయి గనక తెలుగువాళ్ళందరికీ ఆ పేరు అంటుకుంది. దాన్ని ముద్దుగా అనేవాళ్ళు కాదు.

తర్వాత మా అప్పని, అంటే మా అక్కని పట్టుకో. ఎనభై దాటాయి, చెవి ఒకటి పూర్తిగా పోయింది, అయినా చిల్లర లెక్కపెట్టడం ఇప్పటికీ 'తిత్, నిత్, తౌం' అనే. పోయినసారి ఫోన్లో 'బర్మాలో మీ అనుభవాలు చెప్పండి' అన్నావట. 'ఏటుందమ్మా, బాగానే ఉండీది' అందట. అలా అడిగితే ఎవరైనా అదే అంటారు. చిన్నచిన్నవి అడగాలి. ఇంట్లో ఎవరెక్కడ పడుకునేవారు? పొయ్యిలోకి కట్టెలా, ఊకా? బయల్దేరిన రోజు పొద్దున ఏం తిన్నారు? నేనొకసారి కాగితం, పెన్సిలు చేతికిచ్చి ఇల్లు గియ్యమన్నాను. వీధి వాకిలి, కొట్టు, నడవ గీసి, వెనక గది దగ్గర ఆగిపోయింది. 'ఇక్కడ ఒక బర్మా ఆవిడ అద్దెకుండీది. నాకు జడ ఆవిడే వేసీది. మేం వచ్చేసిన రోజు గది బయటకి రాలేదు' అంది. అన్నేళ్ళలో ఆ మాట మాకెవ్వరికీ చెప్పలేదు. పెన్సిల్ పట్టుకోబట్టి వచ్చింది. చింతపండులో గింజలు తీస్తున్నప్పుడు, బియ్యం ఏరుతున్నప్పుడు పక్కన కూచుని అడిగినా అంతే. ఫోను ముఖం ముందు పెడితే మాత్రం బిగుసుకుపోతారు, బల్ల మీద బోర్లా పెట్టి రికార్డు చెయ్. చెప్పే చేస్తున్నావు కదా, చాటుగా వద్దు.

ఒకే ప్రశ్న నెల ఆగి మళ్ళీ అడుగు. రెండోసారి వేరే జవాబొస్తే గాభరా పడకు, తేదీలేసి రెండూ రాసి పెట్టు.

ఇంట్లో వస్తువులు కూడా చూడాలి. మన పూజగదిలో గంధం తీసే గుండ్రటి రాతిపలక గుర్తుందా, అంచు చుట్టూ గాడి ఉంటుంది? చిన్నప్పుడు దాని మీద నీళ్ళు పోసి ఆడి తిట్లు తిన్నావు. అది గంధం సాన కాదు. బర్మా ఆడవాళ్ళు తనకా చెట్టు బెరడు అరగదీసి చెంపలకి రాసుకుంటారు, ఆ రాయి. ఆ గాడి నీళ్ళు పక్కకి పోవడానికి. మా అమ్మ ఓడ మీద నగలు తెచ్చుకోలేకపోయింది, ఈ రాయి తెచ్చింది. రేవులో తనిఖీ చేసినవాళ్ళకి రాయితో ఏం పని? మీ అమ్మ దాన్ని దేవుడి దగ్గర పెట్టింది, నేనూ ఏం అనలేదు. నీ వ్యాసం అక్కడ మొదలెట్టినా మొదలెట్టవచ్చు.

తేదీలు అడక్కు, ముసలాళ్ళకి తేదీలు ఉండవు. గుర్తులు అడిగి నువ్వు తేదీ కట్టుకో. 'బాంబులు పడ్డ రోజు' అంటే 1941 డిసెంబరు 23, రంగూన్ మీద జపాన్ విమానాలు తొలిసారి వచ్చిన రోజు. ఆ తర్వాతే మా నాన్న ప్రోమ్ మీదుగా టౌంగప్ కనుమ దాటి, అక్యాబ్ నించి చిట్టగాంగ్ చేరాడు. 1942లో లక్షలమంది కొండదారుల్లో నడిచారు, వేలకి వేలు దారిలోనే పోయారు. నాన్న మాత్రం ఆ నడక గురించి ఉప్పు మాట ఒక్కటే చెప్పేవాడు, బియ్యం ఎలాగోలా దొరికేవి గానీ ఉప్పు దొరకలేదని. చనిపోయేదాకా మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకునేవాడు. యుద్ధం అయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్ళాడు చూడు, అదెందుకో నేను అడగలేదు. నువ్వు అడగడానికి ఆయన లేడు. ఉన్నవాళ్ళని అందుకే తొందరగా అడగమంటున్నాను.

'నోట్లు చెల్లకుండా పోయిన రోజు' అంటే 1964 మే 17. యాభై, వంద చాట్ల నోట్లు రద్దు చేశారు, చాట్ అంటే బర్మా డబ్బు. 1962 మార్చిలో జనరల్ నె విన్ సైన్యం గద్దెనెక్కింది, అరవై నాలుగులో కొట్లు జాతీయం చేసింది. మా కిరాణా కొట్టు తలుపు మీద నంబరు రాసి తాళం వేశారు. ఆ మరుసటేడు ఓడ. నాకప్పుడు పదకొండేళ్ళు.

కాగితాల దగ్గర నువ్వు పెద్ద పొరపాటు చేశావు. తాత కాగితంలో 'గంజాం జిల్లా, టెక్కలి తాలూకా' అని ఉంటే, మన పూర్వీకులు ఒడిశా వాళ్ళని రాసేశావు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట, చికాకోలు అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోవే. చికాకోలంటే శ్రీకాకుళం. ఆ జిల్లా పుట్టింది 1950లో. కాబట్టి పాత రికార్డు వెతకాలంటే చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో గంజాం, వైజాగపటం పేర్లతో వెతకాలి. బిమ్లిపటం, కళింగపటం, కొకనాడా అని కనపడితే మన భీమిలి, కళింగపట్నం, కాకినాడలే.

మనుషుల పేర్లతోనూ ఇదే తంటా. 'ఊ' అని ఉంటే అది ఇంటిపేరు కాదు, మామ అని గౌరవం. 'డా' అంటే అత్త, 'మౌంగ్' అంటే తమ్ముడు, 'మా' అంటే అక్క. బడిలో అప్పకి బర్మా పేరు ఉండేది. ఆ పేరేమిటో ఆవిడ నోటితోనే చెప్పించుకో, నేను చెబితే బాగోదు.

అసలు కాగితం ఎవరికీ ఇవ్వకు. కాందిశీకుల రుణం కోసం ఒక ఆఫీసుకి నాన్న విదేశీయుల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ అసలుది ఇచ్చి వచ్చాను. మళ్ళీ కంటపడలేదు. అందులో ఆయన పడుచు వయసు ఫొటో ఒక్కటే ఉండేది. రెండు వైపులా స్కాన్ చెయ్, వెనక పెన్సిల్‌తో గీకిన లెక్కలతో సహా.

ఇక అసలు సంగతి. నీ వ్యాసంలో 'మా పూర్వీకుడు రంగూన్ రేవులో కూలీ' అని రాశావు. ఎవరు చెప్పారు? మీ నాన్నే అయ్యుంటాడు. మా తాత కూలీగా వెళ్ళిన మాట నిజం, నాలుగేళ్ళు బస్తాలు మోశాడు. ఆ తర్వాత మేస్త్రీ అయ్యాడు. మేస్త్రీ అంటే ఇప్పుడు ఇల్లు కట్టేవాడు కాదు. వరి కోతలయ్యాక ఊళ్ళోకి వచ్చి, అప్పుల్లో ఉన్నవాణ్ణి చూసి బయానా ఇచ్చి, ఓడ ఛార్జీ తనే పెట్టి తీసుకెళ్ళేవాడు. అక్కడ కంపెనీ కూలి డబ్బులు మేస్త్రీ చేతికే ఇచ్చేది. అతను బాకీ కోసుకుని, తన వాటా తీసుకుని, మిగిలింది పంచేవాడు. ఎంత కోశాడో కూలివాడికి తెలిసే దారి లేదు. ఇది నా సొంత మాటనుకోకు. రాయల్ కమిషన్ ఆన్ లేబర్ 1931 నివేదిక చూడు, జేమ్స్ బాక్స్టర్ 1941 నివేదిక చూడు.

మన ఇంట్లో దీన్ని 'తాతగారు నలభై కుటుంబాలకి దారి చూపించారు' అంటారు. పెళ్ళిళ్ళలో కూడా అంటారు. ఆ నలభై కుటుంబాల లెక్క ఎర్ర బట్ట అట్ట వేసిన పుస్తకంలో ఉంది. 1931లో ఆయన ఊరొచ్చినప్పుడు తెచ్చి అటక మీద పడేశాడు, కాబట్టి యుద్ధమూ ఓడా దాన్ని ముట్టుకోలేదు. అరచెయ్యంత పుస్తకం, చెదలు ఒక మూల తిన్నాయి. పేరు, ఊరు, బయానా 15, ఓడ 14, వసూలు, నిలవ. నిలవంటే ఇంకా తీరని బాకీ. గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళు లెక్కలు రాసినవాణ్ణి, ఆ నిలవలు ఎందుకు తగ్గడం లేదో నాకు రెండో పేజీలోనే అర్థమైంది. 1930 పేజీల్లో ఆరు పేర్ల మీద అడ్డగీత ఉంది. ఒకదాని పక్కన తాత చేతిరాత: 'చనిపోయినాడు. బాకీ తమ్ముని పేర వ్రాయడమైనది.'

ఆ ఏడాది మేలో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా వాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరాక మే 26న మన వాళ్ళు పనిలోకి వస్తే, బర్మా వాళ్ళని పొమ్మన్నారు. అక్కడ రాజుకుంది. వందకి పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళే. నీ వ్యాసంలో ఇది 'జాతి విద్వేషం' అని ఒక్క వాక్యం. ఉపాధి దొరికిందని వచ్చి వారాలకే గెంటించుకున్న ఆ బర్మావాడు నీ వాక్యంలో లేడు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. పల్లెల్లో వరి ధర పడిపోయి, తమిళ వడ్డీ వ్యాపారులు చెట్టియార్ల అప్పు కింద రైతు భూములు పోతున్నాయి. మనం చెట్టియార్లం కాదు, నిజమే. ఆ రైతుకి ఆ తేడా ఎందుకు కనపడాలి? ఇదంతా రాస్తే అరవై నాలుగులో మా నాన్న కొట్టుకి తాళం వేసింది న్యాయమైపోతుందని భయపడకు. అన్యాయమే, నేను కళ్ళారా చూశాను. రెండూ రాయాలి. తాత మీద నాకు కోపం లేదు. ఆయన తిండి పెట్టబట్టే మా నాన్న చదువుకున్నాడు. ఆ తిండి ఎవరి కోతలోంచి వచ్చిందో కూడా ఆ పుస్తకంలోనే ఉంది.

అన్నట్టు మీ నాన్నని ఒక మాట అడుగు. ఆయన్ని అమెరికా తీసుకెళ్ళిన కన్సల్టెన్సీ వాళ్ళు మొదటి రెండేళ్ళూ గంటకి ఎంత బిల్లు చేసేవారు, చేతికి ఎంత ఇచ్చేవారు? మధ్యలో వదిలేసి పోతే ఎంత కట్టాలని కాగితం మీద సంతకం చేయించుకున్నారు? అప్పట్లో నాతో ఫోన్లో మొత్తుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోవచ్చు. చెబితే, ఎర్ర పుస్తకం పేజీ పక్కన అది పెట్టి రాయి, నీ మాస్టారికి ఇంకేం వివరించక్కర్లేదు.

పుస్తకం కొరియర్‌లో పంపమన్నావు, పంపను. డిసెంబరులో రా. ఆ అడ్డగీత పడ్డవాళ్ళలో ఒకాయన తమ్ముడి కొడుకు మన వెనక మూడో వీధిలోనే ఉంటాడు. బాకీ ఎక్కింది వాళ్ళ నాన్న పేరు మీదే. రోజూ పాల కేంద్రం దగ్గర కలుస్తాం, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటాం. పుస్తకం సంగతి ఆయనకి తెలీదు. దొరికి పదకొండేళ్ళయింది, ఒక్కణ్ణీ పట్టుకెళ్ళలేకపోయాను. నువ్వొస్తే ఇద్దరం వెళ్దాం. సాయంత్రం నాలుగు దాటాక, మధ్యాహ్నం పడుకుంటాడు.

చలికోట్లేం తేవద్దు, ఇక్కడ చలి లేదు. అప్ప చెవి మిషనుకి బ్యాటరీలు తే, 312 నంబరువి.

మీ చిన్నతాత