సీరమ్ తర్వాత కొందురు గానీ, ముందు ఆ ట్యూబు తిప్పి చూడండి

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. ఆమదాలవలస నుంచి శ్రీకాకుళంలో కాలేజీకి రోజూ బస్సులో వెళ్తాను. ముఖం జిడ్డుగా ఉంటుంది. నుదుటి మీద, గడ్డం దగ్గర మొటిమలు వస్తున్నాయి, తగ్గాక నల్ల మచ్చలు మిగిలిపోతున్నాయి. ఇప్పటివరకు సబ్బు తప్ప ఏమీ వాడలేదు. ఫోన్‌లో వీడియోలు చూస్తే టోనర్, విటమిన్ సి, నియాసినమైడ్ సీరమ్‌లు అంటూ ఏడెనిమిది చెబుతున్నారు. నెలకు నాలుగైదు వందలకు మించి పెట్టలేను. ముందు ఏది కొనాలి? మా పిన్ని మెడికల్ షాపులో కొనే క్రీము రెండు నెలలుగా నేనూ రాస్తున్నాను. రాసినన్నాళ్లూ ముఖం తెల్లగా ఉంటుంది, ఆపితే ఎర్రబడి మంట పుడుతోంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సబ్బు తప్ప ఏమీ వాడలేదని రాశారు. ఆఖర్న పిన్ని గారి క్రీము బయటపడింది. ఓపీలో నాకిది రోజూ ఉండేదే. "ముఖానికి ఏమైనా రాస్తున్నారా?" అని అడిగితే "ఏటీ రాయలేదండి" అంటారు. మందులు రాసి చీటీ చేతికిచ్చే వేళకు పక్కనున్న అమ్మగారు సంచిలోంచి చివరిదాకా నొక్కి చుట్ట చుట్టిన ట్యూబు తీస్తారు. క్రీమును ఎవరూ మందుల లెక్కలో వేయరు.

ఆ ట్యూబు తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్... వీటిలో ఏ పేరున్నా అది స్టిరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉంటే అది మంగు మచ్చలకు డాక్టర్ కొన్ని వారాలకని లెక్కపెట్టి రాసే మందు. ట్యూబు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే చీటీ లేకుండా అమ్మకూడని మందని అర్థం. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందుల జాబితాలో చేర్చింది. అయినా ఫెయిర్‌నెస్ క్రీము అడిగితే వీటిని ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి.

స్టిరాయిడ్ రాయగానే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు అణిగిపోతుంది. ముఖం తెల్లబడినట్టు, నున్నగా అయినట్టు కనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది. చెంపల మీద దారాల్లాంటి ఎర్ర నరాలు తేలతాయి, నూగు వెంట్రుకలు పెరుగుతాయి, కొత్త మొటిమలు కూడా వస్తాయి. ఆపితే ఎర్రబడుతుంది, భయపడి మళ్లీ రాస్తే తగ్గుతుంది. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇలాగే ఉన్నాయి. రెండు నెలలే కాబట్టి పెద్దగా టెన్షన్ పడకండి, కానీ వాయిదా వేయకండి. ఈ వారంలోనే చర్మం డాక్టర్‌కు చూపించండి. మనం రిమ్స్ అని పిలిచే శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, మీ కాలేజీ ఊళ్లోనే. ట్యూబు వెంట తీసుకెళ్లండి. కొందరిని ఒకేసారి ఆపేయమంటాం, కొందరికి మెల్లగా తగ్గిస్తాం. ఆ నిర్ణయం ముఖం చూసి చేయాల్సిందే.

ఇక మీరు అడిగిన సంగతి. టోనర్ వద్దు, సీరమ్ వద్దు. ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్ చాలు. ఒకేసారి మూడూ మొదలుపెట్టకండి. వారానికొకటి చేర్చండి, అప్పుడు ఏదైనా పడకపోతే అదేదో తెలుస్తుంది. కొత్తది ఏదైనా ముందు చెవి వెనక రెండు మూడు రోజులు రాసి చూశాకే ముఖానికి.

ముఖం ఉదయం, రాత్రి కడిగితే సరిపోతుంది. చెమట పట్టినప్పుడల్లా మామూలు నీళ్లు చాలు. జిడ్డుగా ఉందని రోజుకు ఐదారుసార్లు సబ్బుతో తోమేవాళ్లున్నారు. మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో, పీహెచ్ 5 చుట్టుపక్కల ఉంటుంది. స్నానం సబ్బుల్లో చాలావాటిది 9, 10 దగ్గర, అంటే క్షార గుణం. అందుకే కడిగాక ముఖం లాగినట్టు బిర్రుగా అవుతుంది. అది శుభ్రపడిన గుర్తు అనుకుంటారు, నిజానికి చర్మం పైపొర ఎండిపోయిన గుర్తు. మీ ఇంట్లో ఉప్పు బోరు నీళ్లయితే సబ్బు సరిగా నురగ రాక, కడిగినా పూర్తిగా పోక ఇంకా ఇబ్బంది పెడుతుంది. సువాసన లేని సాదా ఫేస్‌వాష్ తీసుకోండి. కడిగాక ముఖం ఇంకా తడితడిగా ఉండగానే జెల్ లాంటి తేలికపాటి మాయిశ్చరైజర్ రాయండి. జిడ్డు చర్మానికి ఎందుకంటారా, మీ ముఖం ఇప్పుడు మంటతో ఉంది కాబట్టి దాని అవసరం మామూలు కన్నా ఎక్కువే.

డబ్బు పెట్టదలిస్తే సన్‌స్క్రీన్ మీద పెట్టండి. మనది సూర్యనారాయణ స్వామి జిల్లా. అరసవల్లిలో స్వామి పాదాల మీద పడే కిరణాలు చూడ్డానికి మార్చిలో, అక్టోబరులో తెల్లారకముందే వెళ్లి నిలబడతాం. ఆ లేత ఎండతో నాకు పేచీ లేదు. ఉదయం తొమ్మిది దాటాక బస్సు కిటికీ పక్క సీట్లో చెంప మీద పడేదానితోనే. ఎండలోని యూవీఏ అనే కంటికి కనిపించని కిరణాలు అద్దంలోంచీ వస్తాయి, మబ్బుల్లోంచీ వస్తాయి. మొటిమ తగ్గాక మిగిలే మచ్చను ముదురు రంగులో నిలబెట్టేది ఎక్కువగా ఈ ఎండే. ఎస్‌పీఎఫ్ 30 లేదా 50, పక్కన యూవీఏను ఎంత ఆపుతుందో చెప్పే పీఏ ప్లస్‌లు మూడైనా ఉన్నది, జెల్ రకం చూసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికి, మెడకు సరిపోతుంది. బయల్దేరడానికి పావుగంట ముందు రాయండి. ఎండలో తిరిగే రోజు రెండు గంటలకోసారి మళ్లీ. 50 గ్రాముల ట్యూబు ఆర్నెల్లు వచ్చిందంటే మీరు రాసింది సన్‌స్క్రీన్ కాదు, దాని వాసన.

మొటిమలకు మందులు ఈ మంట తగ్గాకే. అడాపలీన్ గానీ బెంజాయిల్ పెరాక్సైడ్ గానీ, ఏది, ఎంత అనేది డాక్టర్ చెబుతారు. ఏది రాసినా ఫలితం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, మొదటి రెండు వారాల్లో కాస్త పొరలు లేచినట్టూ అనిపిస్తుంది. అందరూ మానేసేది సరిగ్గా అక్కడే. మచ్చలకు ఇంకొన్ని నెలలు పడుతుంది. నెలసరి క్రమంగా రాకపోయినా, గడ్డం మీద గట్టి వెంట్రుకలు ఉన్నా ఆ సంగతి డాక్టర్‌తో తప్పక చెప్పండి, అప్పుడు కొన్ని పరీక్షలు అవసరం కావచ్చు.

నిమ్మరసం రాయకండి, అది రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లబడిన ముఖాలు చూశాను. మొటిమ మీద టూత్‌పేస్టూ అంతే. సున్నిపిండిని నేను కాదనను, ఒంటికి హాయిగా రుద్దుకోండి, మొటిమలున్న ముఖాన్ని మాత్రం వదిలేయండి. నుదుటి మొటిమలకు సగం కారణం తల నూనె కావచ్చు. పొద్దున్నే నూనె రాసి జడ వేసుకుంటే చెమటతో కలిసి నుదుటి మీదికి కారుతుంది. తలస్నానానికి గంట ముందు రాసుకుని కడిగేసుకోండి.

ఇంకో మాట. డాక్టర్ దగ్గరికి పిన్ని గారినీ తీసుకెళ్లండి. మీరైతే రెండు నెలలు అన్నారు, ఆమె ఎన్నేళ్లుగా రాస్తున్నారో ఉత్తరంలో లేదు.