ఏకాదశి ఉపవాసంతో హాఫ్ మారథాన్ పరిగెత్తవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. ఆరేళ్లుగా మధుమేహం, నాలుగేళ్లుగా బీపీ ఉన్నాయి. రోజూ ఉదయం గ్లిమెపిరైడ్–మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, బీపీకి టెల్మిసార్టాన్–హైడ్రోక్లోరోథయజైడ్ మాత్రలు వేసుకుంటాను. వచ్చే నెల ఆదివారం తెల్లవారుజామున జరిగే హాఫ్ మారథాన్‌కు పేరు నమోదు చేసుకున్నాను. ముందు రోజు ఏకాదశి. ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టను, మాత్రలు మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకుంటాను. పరుగు పూర్తయ్యాకే పారణ (ఉపవాస విరమణ) చేద్దామనుకుంటున్నాను. ఖాళీ కడుపుతో పరిగెత్తితే కొవ్వు బాగా కరుగుతుందంటారు, నిజమేనా? పారణకు ఏ పానీయం మంచిది? గత నెల 15 కిలోమీటర్లు పరిగెత్తాక కాసేపు కళ్లు తిరిగాయి. మోకాళ్ల నొప్పి రాకుండా పరుగుకు ముందు ఎసిక్లోఫెనాక్ ఒకటి వేసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మీరు అడిగిన రెండు ప్రశ్నల కన్నా, చివర్లో యథాలాపంగా రాసిన రెండు విషయాలే నన్ను ఎక్కువ ఆందోళనకు గురిచేశాయి. ముందుగా సూటిగా చెబుతాను. ఈ మందులు వాడుతూ, నిర్జల ఉపవాసం ఉండి, ఆ మర్నాడే 21 కిలోమీటర్లు పరిగెత్తడానికి నేను ఒప్పుకోను. ఉపవాసమో పరుగో ఒక్కటే ఎంచుకోండి.

మీరు శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి భోజనం చేస్తే, ఆదివారం పరుగు ముగిసేసరికి సుమారు 36 గంటలవుతుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (నిల్వ చక్కెర) ఒక పూర్తి రోజు ఉపవాసానికే దాదాపు అడుగంటుతుంది. కండరాల్లో ఉన్నది కండరాలకే పనికొస్తుంది తప్ప రక్తంలోకి తిరిగి రాదు. మందులేవీ వాడని ఆరోగ్యవంతుడిలో ఇలాంటప్పుడు ఇన్సులిన్ తగ్గి, శరీరం సర్దుకుంటుంది. గ్లిమెపిరైడ్ మాత్రం మీరు తిన్నారా లేదా అన్నది చూడకుండా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. చక్కెర 70 మిల్లీగ్రాముల కన్నా కిందికి పడిపోయినప్పుడు పట్టే చెమటకూ, పరుగులో సహజంగా పట్టే చెమటకూ తేడా తెలియదు కాబట్టి, మీరు గుర్తించేసరికే స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

డాపాగ్లిఫ్లోజిన్‌తో ఇంకో చిక్కు ఉంది. ఇది మూత్రంలోకి చక్కెరను, దానితో పాటు నీటిని పంపించే మందు. దీర్ఘ ఉపవాసం, తీవ్ర శ్రమ తోడైతే కొందరిలో రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరుగుతాయి, గ్లూకోమీటర్‌లో అంకె మాత్రం పెద్దగా పెరగకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే పరుగు అలసట అనుకుని ఇంట్లో పడుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. శస్త్రచికిత్సకు ముందు ఈ మందును సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. అలాగని మీ అంతట మీరు ఆపవద్దు. ఏ మాత్ర ఎప్పుడు మానాలో, ఏది సగం చేయాలో మిమ్మల్ని చూసే డాక్టరే నిర్ణయించాలి.

ఇక ఎసిక్లోఫెనాక్ సంగతి. ఈ అలవాటు చాలామంది పరుగు వీరుల్లో చూస్తున్నాను. నడుముకు కట్టుకునే సంచీలో ఎనర్జీ జెల్ ప్యాకెట్ల పక్కనే నొప్పి మాత్రల స్ట్రిప్ ఉంటుంది, అడిగితే ‘ముందు జాగ్రత్తకు’ అంటారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాలు తమలోకి రక్తం తెచ్చే నాళాన్ని వెడల్పు చేసుకుని, బయటికి తీసుకెళ్లే నాళాన్ని బిగించి, వడపోతకు కావలసిన ఒత్తిడిని నిలబెట్టుకుంటాయి. నొప్పి మాత్ర మొదటిదాన్ని అడ్డుకుంటుంది, టెల్మిసార్టాన్ రెండోదాన్ని వదులు చేస్తుంది, హైడ్రోక్లోరోథయజైడ్ ఉన్న నీటిని కూడా బయటికి పంపిస్తుంది. ఈ మూడూ కలిసిన ఒంటితో, నీళ్లు తాగకుండా, ఆగస్టు ఉక్కపోతలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ పరిగెత్తితే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినవచ్చు. పరుగు తర్వాత మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే, లేదా చాలా గంటలు అసలు రాకపోతే అదే రోజు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), సీపీకే (కండరాల దెబ్బ) పరీక్షలు చేయించాలి. చీటీ లేకుండా మందుల షాపులో దొరుకుతుంది కదా అని ఏ మాత్రా నిరపాయకరం కాదు. దయచేసి ఈ అలవాటు ఈ రోజుతో మానండి. మోకాళ్లు అంతగా నొప్పి పెడుతుంటే ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాలి, నొప్పిని కప్పిపెట్టి పరిగెత్తకూడదు.

కళ్లు తిరిగి నెల గడిచినా మీరు ఎవరికీ చూపించుకోలేదనే అర్థమవుతోంది, ఇది సరికాదు. చక్కెర పడిపోవడమో, నీరు తగ్గడమో కారణం కావచ్చు, గుండె లయ తప్పడమూ కావచ్చు. లేఖ చదివి నేను తేల్చలేను. మధుమేహం, బీపీ రెండూ ఉన్న 47 ఏళ్ల మనిషికి ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్), డాక్టరు అవసరమనుకుంటే టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపించి చేసే గుండె పరీక్ష), వాటితో పాటు క్రియాటినిన్, సోడియం, పొటాషియం చూడకుండా పరుగుకు అనుమతి ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఈ వారంలోనే వెళ్లండి, అప్పటిదాకా దూరపు పరుగులు ఆపండి.

కొవ్వు గురించి అడిగారు. ఖాళీ కడుపుతో పరిగెత్తే ఆ కాసేపు కొవ్వు కొంచెం ఎక్కువ ఖర్చయినా, దాని వల్ల బరువు ప్రత్యేకంగా తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పారణ ఎప్పుడు చేసినా ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్ మీద చెప్పిన కొలతలో కలిపి, కొద్దికొద్దిగా తాగండి. దాహం మీద లీటర్ల కొద్దీ ఉత్త నీళ్లు ఒకేసారి తాగితే సోడియం పడిపోవచ్చు.

ఆరోగ్యం సహకరించనివారు పాలు, పండ్లతో ఏకాదశి గడపడం మన ఇళ్లలో ఉన్నదే. పరీక్షల ఫలితాలు చూసి మీ డాక్టరు సరేనంటే, అలా ఉపవాసం ఉండి, పరుగును ఇంకో నెలకు వాయిదా వేసుకోవచ్చు. ఎప్పుడు పరిగెత్తినా మీ మందుల పేర్లు రాసిన కాగితం, గ్లూకోజ్ పొడి జేబులో ఉంచుకోండి, మీకు మధుమేహం ఉందని పక్కన పరిగెత్తే మిత్రుడికి చెప్పండి. పరుగు ముగిసిన రోజు రాత్రి కూడా చక్కెర పడిపోవచ్చు, పడుకునే ముందు ఒకసారి చూసుకోండి.