తమ్ముడి కోసం ప్రార్థన మానేయాలా?

బ్రదర్, "రక్షణ పొందేవాళ్లను దేవుడు ముందే ఏర్పరచుకుంటే, చిత్తూరులో తాగి తిరిగే మా తమ్ముడి కోసం ప్రార్థన ఎందుకు?" అని అడిగారు. బైబిల్లో రోమా పత్రిక 9వ అధ్యాయం దగ్గరే ఆగిపోయినట్టున్నారు, పేజీ తిప్పండి. దేవుడు ముందే ఎన్నుకునే ఈ ఏర్పాటు గురించి అక్కడ అంత గట్టిగా రాసిన పౌలే 10:1లో ఇశ్రాయేలీయుల రక్షణ కోసం ప్రార్థిస్తున్నానంటాడు. దేవుని ఏర్పాటే రక్షణకు మూలమనే కాల్విన్ వర్గం, ప్రార్థన కూడా దేవుడు నియమించిన సాధనమే అంటుంది. మనిషి ఎంపికకు చోటిచ్చే ఆర్మీనియస్ వర్గం, కృప ముందుగా వచ్చి పిలుస్తుంది, మనిషి కాదనగలడు అంటుంది. నాకు మొదటిదే సబబనిపిస్తుంది. 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ సంఘ సభ ఆర్మీనియస్ వర్గానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పినా వాదన ఆగలేదు. తిరుపతిలో మా ఆదివారం కూటం తర్వాత టీ చల్లారేదాకా నడుస్తుంది. మా అమ్మకు ఈ వర్గాలేవీ తెలియవు. తెల్లవారుజామున నాలుగింటికి చాప మీద మోకరించి మా అన్న పేరెత్తేది. మీరూ ఈ రాత్రి తమ్ముడి పేరెత్తండి. రేపు ఫోన్ చేసి, అన్నం తిన్నాడా అని కూడా అడగండి.