లక్ష రూపాయల చీటీ వేయాలా, ఆర్డీ కట్టాలా?

నెలకు 5 వేలు మిగులుతున్నాయి, చీటీ మంచిదా ఆర్డీనా (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) అని అడిగారు. మధ్యలో ఆ డబ్బుతో అవసరం పడుతుందా లేదా అన్నదే ముందు తేల్చుకోండి.

20 మంది, 20 నెలలు, లక్ష చీటీ అనుకుందాం. నెలనెలా తలా 5 వేలు వేస్తే లక్ష పోగవుతుంది; వేలంలో అందరికంటే ఎక్కువ వదులుకుంటానని పాడినవాళ్లు ఆ నెల డబ్బు ఎత్తుతారు. మూడో నెల ఒకాయన 20 వేలు వదులుకుని పాడాడు. ఆయన చేతికి 80 వేలు వస్తాయి. ఆ 20 వేలలో నిర్వాహకుడి కమీషన్ 5 వేలు పోగా, మిగతా 15 వేలు పంచితే తలా 750. ఆ వాయిదాకు మీరు కట్టేది 4,250. పాడుకున్నాయన కూడా చివరిదాకా కట్టాల్సిందే. కాబట్టి ముందు ఎత్తినవాళ్లకు ఇది అప్పు, ఆగినవాళ్లకు పొదుపు. చివర్లో ఎత్తితే కమీషన్ పోగా 95 వేలే వస్తాయి. అంటే మీ వాయిదా సగటున నెలకు 250కి మించి తగ్గితేనే మీకు లాభం. ఈ లెక్క చాలామంది వేసుకోరు!

ఆర్డీలో వడ్డీ ముందే తెలుస్తుంది. బ్యాంకులో అయితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా కూడా ఉంటుంది.

చీటీలో అసలు టెన్షన్ నడిపే మనిషితోనే. రిజిస్టర్ అయిన చీటీలో కమీషన్ 7 శాతం దాటకూడదు, ఒప్పందం కాపీ మీకివ్వాలి. కాపీ అడిగితే 'నమ్మకం లేదా?' అన్నారంటే నేనైతే ఆర్డీకే వెళ్తాను.